అడక్కుండా పెట్టిన ఇంటూ గుర్తు

మంగళవారం, పొద్దున ఆరు గంటల నలభై నిమిషాలు. తంబళ్లపల్లె అవతల ఒక పల్లె, మల్లప్ప గొర్రెల దొడ్డి. నా ఉద్యోగం మొత్తంలో నేను చేసిన పెద్ద తప్పు నాకు కంటపడిన రోజు అది. టైము ఇంత గట్టిగా ఎట్లా చెప్తానంటే, రక్తం తీసిన ప్రతి ట్యూబు మీదా టైము వెయ్యాలని మా రూలు. మల్లప్ప ట్యూబు మీద 6.40 అని నేనే రాసినాను. ఆ సిరా ఆరకముందే దొడ్డిలోంచి కేక వినపడింది.

ఆ కేక సంగతి చెప్పే ముందు నేనెవరో, ఆ పొద్దుటి పూట ట్యూబులు పట్టుకొని ఆ పల్లెలో నాకేం పనో చెప్పాల. ఇది రాస్తాండేది మా పనిలోకి కొత్తగా వస్తాండే పిల్లల కోసం. రోగాల మీద పరిశోధన అంటే చల్లటి గదిలో కూర్చొని కంప్యూటర్ చూడటం అనుకొని వస్తారు మీరు. అదీ ఉంది. దానికి ముందు ఇంకోటి ఉంది. ఒక మనిషి ముందు కూర్చొని ఒక మాట అడిగి, ఆ మనిషి చెప్పేదాకా నోరు మూసుకొని ఉండటం. నాకు అది రావడానికి చాలా ఏండ్లు పట్టింది.

సీసాల మీద చదువు

నాది గుర్రంకొండ పక్క పల్లె. గొర్రెలు కాసేవాళ్ళం. ముప్పై దాటేదాకా పలక పట్టలేదు. మా నాయనకు జబ్బు చేస్తే మదనపల్లెలో ఒక ఆస్పత్రిలో చేర్చి తోడుగా ఉండినాను. నాయన నయమై ఊరికి పోయినాడు. నేను పోలేదు. ల్యాబులో గాజు సామాను కడిగేదానికి మనిషి కావాలన్నారు, చేరిపోయినాను.

ల్యాబు టెక్నీషియన్ ఖాదర్ బాషా నాకంటే పదేండ్లు చిన్న. కడిగిన సీసాలు ఒకదాని చోట ఒకటి పెడతాండినానని రోజూ అరిచేవాడు. ఒక రోజు అరవడానికి కూడా విసుగొచ్చి, సీసాలన్నిటికీ తెలుగులో చీటీలు రాసి అంటించినాడు. ఒకటి నా చేతిలో పెట్టి, "అన్నా, ఇది 'స'. ఇట్లాంటిది ఈ అలమరలో ఇంకా యాడుండాదో ఎతుకు" అన్నాడు. ఆ అలమరే నా బడి. నలభై దగ్గరపడినాక పేపరు చదివినాను. ఆ రోజు ఖాదర్ ల్యాబులో అందరికీ టీ పోయించినాడు.

చదువు లేటుగా వచ్చినోడికి ఒక రోగం ఉంటాది, ముందే చెప్తాండాను. రాయడమంటే వాడికి మహా ఇష్టం. కాగితం మీద ఖాళీ గడి కనపడితే నింపకుండా ఉండలేడు. నా తప్పులో సగం ఈ రోగానిదే.

గులాబీ రంగు చుక్క

కుప్పం నుంచి డాక్టర్ తులసి అని ఒకామె మా ఆస్పత్రికి వచ్చింది. నాకంటే చిన్నది, నాకంటే కోపిష్టి. గొర్రెలు, మేకలు మేపే పల్లెల్లో నెలల తరబడి తగ్గని జ్వరాల మీద ఆమె పరిశోధన పెట్టింది. పగలంతా మనిషి బాగానే ఉంటాడు, సాయంత్రానికి జ్వరం, చెమటలు, కీళ్ళ నొప్పులు. టైఫాయిడ్ అని మందులిస్తారు. తగ్గినట్టు తగ్గి మళ్ళీ వస్తాది. దాని పేరు బ్రూసెల్లా అని ఆమె చెప్పింది. నేను గొర్రె జ్వరం అనేవాణ్ణి. మందలో గొర్రెలు ఈసుకుపోతాయి చూడండి, నెలలు నిండకుండానే పిల్లను వేసేస్తాయి. ఆ ఉమ్మనీటిలో, ఆ మాయలో ఉంటాది క్రిమి. చెయ్యి పెట్టినోళ్ళకు పట్టుకుంటాది.

దానికి పరీక్ష సులభం. మనిషి రక్తం తేరిన నీళ్ళు ఒక చుక్క, గులాబీ రంగు మందు ఒక చుక్క, తెల్ల పలక మీద కలిపి నాలుగు నిమిషాలు తిప్పాల. జబ్బు లేకుంటే చుక్క నున్నగా ఉంటాది. ఉంటే పాలు విరిగినట్టు గింజలు గింజలుగా విరుగుతాది. మొదటిసారి చూసినప్పుడు నాకు మా ఇల్లు గుర్తొచ్చింది. మా నాయన, మా తాత, మా చిన్నాయన, అందరూ ఈ జ్వరంతో మూలిగినోళ్ళే అనిపించింది.

గొర్రెల సంగతి తెలిసినోడు, రాయను వచ్చినోడు అని డాక్టరమ్మ నన్ను ఫీల్డుకు తీసుకుంది. సిస్టర్ జయమ్మ రక్తం తీస్తాది, నేను ప్రశ్నలు అడిగి ఫారం నింపి, ట్యూబు మీద నంబరు, టైము వేస్తాను. డ్రైవర్ ఓబులేశు వ్యాను. అదీ మా దండు.

మొదట్లోనే నాకు పేరొచ్చింది. పుంగనూరు పక్క ఒక ముసలాయనను, మాతో వచ్చిన చదువుకున్న పిల్లవాడొకడు "జ్వరం ఎన్ని గంటలకు వస్తుంది?" అని అడిగినాడు. "గంటలు నాకేం తెలుసప్పా" అన్నాడు ముసలాయన. పిల్లవాడు 'తెలియదు' అని రాయబోయినాడు. నేను ఆపి, "అప్పా, జ్వరం వచ్చే యాళకు గొర్లు యాడుంటాయి?" అన్నాను. "దొడ్డి కాడ. తడిక వేసే యాళకు వణుకు మొదలైతాది" అన్నాడు టక్కున. ఈ మాట విని డాక్టర్ తులసి అందరి ముందరా నన్ను మెచ్చుకుంది.

మెచ్చుకోలు మంచిదే. నాకు మాత్రం అది తలకెక్కింది. ఈ మనుషులు నాకు తెలుసు, వీళ్ళను నేను అడగాల్సిన పని కూడా లేదు అనుకోవడం అప్పుడే మొదలైంది.

అంగడి రెడ్డెమ్మ

మల్లప్ప పల్లెలో చిల్లర అంగడి రెడ్డెమ్మది. ఉప్పు, పప్పు, గాజులు, గోలీ సోడా. తరతరాలుగా అంగడి పెట్టుకున్న ఇల్లు. మొగుడు లేడు, పిల్లలు లేరు, అంగడే ఆధారం. నలభై అయిదేండ్లు ఉంటాయి. ముందటి చలికాలంలో మేము ఆ పల్లెకు పోయినప్పుడు నడుము నొప్పి, సాయంత్రం జ్వరం అని ఆమె కూడా రక్తం ఇచ్చింది.

ఫారంలో ఏడో ప్రశ్న: ఇంట్లో గొర్రెలు, మేకలు ఉన్నాయా? ఆమె నాకు సోడా కొట్టి ఇచ్చింది. నేను తాగుతా ఆ అంగడిని ఒకసారి చూసినాను. బెల్లం, అగ్గిపెట్టెలు, గాజుల అట్టలు. ఈ ఇంట్లో గొర్రెలేంది అనుకొని ఇంటూ పెట్టినాను. ఎనిమిదో ప్రశ్న: గొర్రెల ఈతలో చెయ్యి పెట్టినారా? అంగళ్ళో కూర్చునే ఆడమనిషి గొర్రెల ఈతకు పోతాదా? మా పల్లెలో ఆడోళ్ళు దొడ్డిలోకే రారు. ఇంకో ఇంటూ. అడగలేదు. నా నోటి నుంచి ఆ రెండు ప్రశ్నలు రాలేదు. సంతకం పెట్టమన్నాను, పెట్టింది. నాకంటే గుండ్రంగా రాస్తాది.

అప్పుడు పరీక్ష మందు తక్కువగా ఉండేది. ఏడు, ఎనిమిది ప్రశ్నల్లో ఒకదానికైనా ఔను అన్నవాళ్ళ ట్యూబులే పరీక్షకు, మిగతావి ఫ్రీజర్లోకి అని రూలు. రెడ్డెమ్మ ట్యూబు ఫ్రీజర్లోకి పోయింది.

నెల తిరక్కముందే నడుము పట్టేసి ఆమె వేరే ఊర్లో ఇంకో ఆస్పత్రికి పోయింది. ఎక్స్‌రేలో వెన్నుపూస తినేసినట్టు కనపడింది. వెన్నుకు క్షయ అన్నారు, క్షయ మందులు మొదలుపెట్టినారు. ఆ డాక్టరును నేను తప్పు పట్టను. ఆ ఎక్స్‌రే చూస్తే మన పక్క ఎవరికైనా మొదట తోచేది క్షయే. గొర్రెల మాట ఆయనకు చెప్పేవాళ్ళు ఎవరు? చెప్పాల్సిన కాగితం మీద నేను ఇంటూ పెట్టి ఉంటిని.

ఆ పొద్దు

ఇప్పుడు కేక సంగతికి వస్తాను. అప్పటికి ఎనిమిది నెలలు గడిచినాయి. మల్లప్ప మందలో గొర్రెలు ఈసుకుపోతాండాయని తెలిసి, వాళ్ళ ఇంట్లో అందరి రక్తం తీసుకునేదానికి తెల్లారే పోయినాం. మల్లప్పది తీసినాం. లోపలినుంచి అతని పెండ్లాం లక్ష్మీదేవి అరిచింది.

"పిల్ల అడ్డం పడిండాది! కాలు మడత పడిండాది! చిన్నప్పా, పోయి రెడ్డెమ్మను పిల్చుకోని రా!"

మల్లప్ప తమ్ముడు చిన్నప్ప పరిగెత్తినాడు. నాకు అర్థం కాలేదు. "అంగడి రెడ్డెమ్మనా? ఆమె నడుము పట్టుకోని ఉండాది కదమ్మా, ఆమెను యాల?"

"ఆమె చెయ్యి తప్ప ఎవురి చెయ్యి పోతాదప్పా లోపలికి? నీది పెడతావా, పార మాదిరి ఉండాది!" అనింది లక్ష్మీదేవి. అంత కంగారులోనూ మల్లప్ప నవ్వినాడు.

రెడ్డెమ్మ వచ్చింది. చిన్నప్ప భుజం మీద ఒక చెయ్యి, నడుము మీద ఒక చెయ్యి. అడుగు తీసి అడుగు వేసేదానికి పళ్ళు కొరుకుతాంది. ఎనిమిది నెలల కింద నాకు సోడా కొట్టిచ్చిన మనిషేనా అనిపించింది. వచ్చి, కుడిచేతి గాజులు ఒక్కొక్కటే తీసి నా చేతిలో పెట్టింది. "పట్టుకో గంగులప్పా. పగలగొట్టేవు, అంగడి సరుకు కాదు, నావి."

ఆ గాజులు చూస్తిని. రెండు-రెండు సైజు. చిన్నపిల్లలకు ఎక్కే గాజులు. ఆ పల్లెలో పెద్దోళ్ళలో ఆ సైజు ఎక్కే చెయ్యి ఆమెదొక్కటే.

మోకాళ్ళ మీదికి దిగేదానికి ఇద్దరు పట్టుకోవాల్సి వచ్చింది. దిగినాక మాత్రం ఆ మనిషే వేరు. కండ్లు మూసుకొని, చెయ్యి లోపలికి పోనిచ్చి, మడత పడిన కాలును వేళ్ళతోనే వెతికి సర్దింది. గొర్రెతో మాట్లాడతానే ఉంది, "ఉండమ్మా, అయిపాయ, ఉండు" అని. పిల్ల జారింది. ఊపిరి లేదు. రెడ్డెమ్మ దాన్ని ఎత్తి, దాని ముక్కుకు తన నోరు పెట్టి, జిగురు పీల్చి పక్కన ఊసేసింది. రెండుసార్లు. సిస్టర్ జయమ్మ "అమ్మా, వద్దు!" అని అరిచింది. పిల్ల తుమ్మింది. అందరూ నవ్వినారు.

నేను నవ్వలేదు. నా చేతిలో గాజులు ఉండాయి.

"రెడ్డెమ్మా, ఎన్నాళ్ళ నుంచి ఈ పని?"

"కాపరానికి వచ్చినప్పటి నుంచి."

"ఈ దొడ్డిలోనేనా?"

"యాడ పిలిస్తే ఆడ. పోయిన ఏడు ఈసుకుపోయినవన్నీ నేను తీసినవే. మాయ పడకుంటే నేనే."

"నాకు చెప్పలేదే?"

ఆమె చెయ్యి బూడిదతో రుద్దుకుంటా నా వైపు చూసింది. "నువ్వు అడిగితివా? సోడా తాగితివి, కాగితంలో ఏందో గీకితివి, సంతకం పెట్టమంటివి. గొర్రెలోళ్ళకు కాగితం కాబోలు, నాకు యాలలే అనుకుంటి."

సిస్టర్ జయమ్మ అప్పుడే ఆమె రక్తం తీసింది. ఆ ట్యూబు మీద కూడా టైము నేనే రాసినాను.

ఫ్రీజర్

ఈ మాట దాచకుండా రాస్తాండాను. మదనపల్లె దాకా వ్యాన్లో నాకు ఒకటే ఆలోచన. కొత్త ట్యూబు ఉంది. కొత్త ఫారం రాస్తే చాలు. పాత ఫారంలో నేనేం పెట్టిందీ జయమ్మకు తెలియదు, ఆ రోజు ఇంకో సిస్టర్ వచ్చింది. ఈ ట్యూబులో జబ్బు తేలుతాది, మందు మొదలైతాది, నా ఇంటూలు ఎవరూ చూడరు. రెడ్డెమ్మకు ఎట్లైనా వైద్యం జరుగుతాది. ఇంక చెప్పి ఏం లాభం? నలభై ఏండ్లకు వచ్చిన ఉద్యోగం. అది పోతే మళ్ళీ సీసాలు కడిగేదానికి కూడా పెట్టుకోరు.

ఒక్కటే నన్ను ఆపింది. ఫ్రీజర్లో ఉండేది రెడ్డెమ్మ ట్యూబు ఒక్కటే కాదు. అడక్కుండా నేను పెట్టిన ఇంటూలు ఇంకా ఉండాయి. ఒకటి దాస్తే అన్నీ దాచాల.

డాక్టర్ తులసి రూములోకి పోయి నిల్చొనే చెప్పినాను. ఆమె అంతా విని, "మీరు అడిగినారా, లేదా?" అనింది.

"లేదు మేడమ్."

"ఎనిమిదో ప్రశ్న?"

"అదీ అడగలేదు."

ఆమె అరవలేదు. ఖాదర్‌ను పిలిచి పాత ట్యూబు తీయమనింది. మంచు పట్టిన ట్యూబు మీద నా చేతిరాతే, మంచి ముత్యాల్లాగా. నేను ఆ కాలంలో అక్షరాల అందం చూసుకొని మురిసిపోయేవాణ్ణి. ఖాదర్ తెల్ల పలక మీద రెండు చుక్కలు వేసినాడు, పాతది ఒకటి, ఆ పొద్దుటిది ఒకటి. గులాబీ మందు కలిపి తిప్పినాడు. నాలుగు నిమిషాలు కూడా పట్టలేదు. రెండూ విరిగినాయి. పాతది కూడా అంతే గట్టిగా విరిగింది.

"అంటే ఎనిమిది నెలల కిందే మన దగ్గర ఉంది" అనింది డాక్టరమ్మ. పలక పక్కకు జరిపింది. తరువాత, "మీరు అడగలేదు, అది మీ తప్పు. ఆ రెండు ప్రశ్నలకు ఔను అన్నోళ్ళకే పరీక్ష అని రూలు రాసింది నేను, అది నా తప్పు. నాది నేను రాసి పైకి పంపుతాను. మీది మీరు రాయండి. ఇట్లాంటి ఇంటూలు ఇంకెన్ని పెట్టినారు?" అనింది.

"చానా పెట్టినా మేడమ్."

"అయితే అన్ని ఇండ్లకూ మళ్ళీ పోండి. నోరు తెరిచి అడగండి. రెడ్డెమ్మకు మాత్రం ఈ సంగతి మీరే చెప్పాల. నేను చెప్పను."

నా మొదటి పెద్ద రాత ఆ కాగితమే. ఒక పేజీ. ఖాదర్ చదివి, "తప్పుల్లేవన్నా" అన్నాడు, అక్షరాల గురించి.

చెప్పడం

పక్క రోజే పోయినాను. రెడ్డెమ్మ గల్లాపెట్టె దగ్గర మంచం వేసుకొని పడుకోని ఉంది. అంతా చెప్పినాను, ట్యూబు, ఫ్రీజరు, రెండు ఇంటూలు. క్షయ మాత్రల్లో ఒకటి ఈ క్రిమికి కూడా కొంచెం తగులుతాదని, అందుకే మొదట్లో తగ్గినట్టు అనిపించిందని డాక్టరమ్మ చెప్పమన్న మాట కూడా చెప్పినాను.

ఆమె పైకి చూస్తా పడుకోనే అనింది: "ఎనిమిది నెలలు గంగులప్పా. ఉచ్చ ఎర్రగా పోసుకుంటా, తిన్నది కక్కుకుంటా, మాత్రలు మింగినా. నువ్వు ఒక మాట అడిగింటే సరిపోయుండు కదా."

"అవునమ్మా."

"పో ఇంక."

ఆ రోజు సోడా ఇవ్వలేదు. అడిగే మొహం నాకూ లేదు.

డాక్టర్ తులసి ఆమెకు వైద్యం చేస్తాండిన డాక్టరుతో మాట్లాడి, మళ్ళీ స్కాను తీయించి, మందులు మార్పించింది. కొన్నాళ్ళు సూదులు, నెలల తరబడి క్యాప్సూల్స్. పోయిన ప్రతిసారీ క్యాప్సూల్ అట్టలు నేనే చూసి వచ్చేవాణ్ణి. ఆమె అట్ట నా ముందర పడేసేది, మాట్లాడేది కాదు. రెండో నెలకు చెమటలు నిలిచినాయి. నాలుగో నెలకు లేచి అంగళ్ళో కూర్చుంది. ఒక రోజు నేను అట్ట చూసి లేవబోతే, సోడా కొట్టి నా ముందర పెట్టి, "ఈసారి ఏం రాస్తాండావో పైకి చదువుతా రాయి" అనింది. చదువుతా రాసినాను. ఒక తప్పు పట్టింది కూడా.

నడుములో ఒక వంపు మిగిలింది. అది పోదు. ఎనిమిది నెలల ముందు మందు పడివుంటే ఆ వంపు వచ్చేది కాదేమో అని డాక్టరమ్మను అడిగినాను. "చెప్పలేం" అనింది. ఆమె అబద్ధం చెప్పే మనిషి కాదు, ఊరడించే మనిషీ కాదు.

పని అంటే

మిగతా ఇండ్లన్నీ మళ్ళీ తిరిగినాం. ఫ్రీజర్ మొత్తం తీసి పరీక్ష చేసినారు. ఇంకా కొందరు తేలినారు, గొర్రె ఒక్కటి కూడా లేని ఇండ్లలో. శాంతిపురం దగ్గర గ్రానైట్ పనికి పోయే మనిషి ఒకడు, ఆదివారాల్లో మామ మందలో ఈతలు చూసేవాడు. అతని ఫారం మీదా నాదే ఇంటూ.

తరువాత పదేండ్లకు పైగా కుప్పం దాకా తిరిగి పనిచేసినాను. కొత్తోళ్ళకు నేర్పించే పని నాకే ఇచ్చింది డాక్టరమ్మ. తప్పు చేసినోడికి నేర్పించే పని ఇస్తారా అని ఎవరో అంటే, "చేసి చెప్పినోడు" అనింది. గర్వంగానే రాస్తాండాను, నేను తయారుచేసినోళ్ళు ఈ పక్క ఎవరికీ తీసిపోరు. వాళ్ళకు నేను చెప్పింది మూడు ముక్కలు. నీకు తెలిసిన మనిషినే ఎక్కువ అడుగు. రక్తం తీసుకున్న ఇంటికి ఫలితం పట్టుకొని నువ్వే పో, మంచిదైనా చెడ్డదైనా. తప్పు తెలిసిన రోజే చెప్పు, ఎందుకంటే రెండో రోజుకు దానికి కారణాలు పుడతాయి.

రెడ్డెమ్మ ఈతలు మానలేదు. మానమంటే "గొర్రె చస్తాంటే చూస్తా కూర్చోనా?" అనింది. సరే, గ్లవుజులు వేసుకోమన్నాం. మా ఆస్పత్రి గ్లవుజుల్లో ఆమె చెయ్యి గోతంలో పిల్లి మాదిరి ఆడింది. డాక్టరమ్మ వెతికించి అన్నిటికంటే చిన్న సైజు తెప్పించింది. ఇప్పుడు ఆ డబ్బా అంగళ్ళో గాజుల అట్టల పక్కనే ఉంటాది. నోటితో జిగురు పీల్చడం మాన్పించి, గుడ్డతో తుడవడం అలవాటు చేయించేదానికి మాత్రం రెండేండ్లు పట్టింది.

మా ఫారంలో ఒక ప్రశ్న మార్పించినాను. ఇంట్లో గొర్రెలు ఉన్నాయా అనేదానికి ముందే ఇప్పుడు ఇది ఉంటాది: పోయినసారి గొర్రె ఈనినప్పుడు ఆడ ఎవరెవరు ఉండిరి? అందరి పేర్లూ చెప్పండి. దానికి ఔను, కాదు గడులు లేవు. పేర్లే రాయాల. వినకుండా రాయలేరు.

ఆ మంగళవారం పొద్దుటి ఈతకు ఆ ఫారం ఎవరూ నింపలేదు. అప్పటికి ఆ ప్రశ్న లేదు. ఇప్పుడు నేను నింపుతాండాను.

మల్లప్ప, గొర్రె తల పట్టుకున్నాడు. లక్ష్మీదేవి, కాళ్ళు పట్టుకుంది, మాయ ఎత్తి పారేసింది. చిన్నప్ప, రెడ్డెమ్మను తెచ్చినాడు. ఓబులేశు, వ్యాను ఆపి తడిక దగ్గర నిల్చున్నాడు. సిస్టర్ జయమ్మ, వద్దని అరిచింది. రెడ్డెమ్మ, చెయ్యి పెట్టింది, నోరు పెట్టింది. గంగులప్ప, అంటే నేను, గాజులు పట్టుకున్నాను. ఆ రోజే మొదటిసారి అడిగినాను.